వెనకబడినవాళ్ల కోసం పుట్టిన పరుగు

1962 డిసెంబరు. అమెరికాలోని ఓరెగాన్ యూనివర్సిటీ కుర్రాళ్లకు పరుగు నేర్పే కోచ్ బిల్ బోవర్‌మన్ తన జట్టును వెంటబెట్టుకుని న్యూజీలాండ్ వెళ్లాడు. ఆ ఏడాదే ఆ జట్టు నాలుగు మైళ్ల రిలేలో ప్రపంచ రికార్డు కొట్టింది కాబట్టి మనిషి మంచి ఊపు మీద ఉన్నాడు. ఆక్లాండ్‌లో తోటి కోచ్ ఆర్థర్ లిడియార్డ్ ఒక ఆదివారం పొద్దున, మావాళ్లతో కాసేపు పరిగెత్తి వద్దాం రమ్మన్నాడు. వెళ్లి చూస్తే అక్కడున్నది ఆటగాళ్ల జట్టు కాదు. ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలు, తల నెరిసినవాళ్లు, పొట్టలున్నవాళ్లు, అందరూ కలిసిన పెద్ద గుంపు. బోవర్‌మన్‌కు అప్పుడు 51 ఏళ్లు. జీవితమంతా పరుగుల మైదానంలోనే గడిపినవాడు. వీళ్లతో తనకేం ఇబ్బంది ఉంటుందనుకున్నాడు.

అర మైలు పోయేసరికి దారి ఎత్తెక్కింది. గుంపు కబుర్లాడుకుంటూనే గుట్ట మీదికి సాగిపోయింది. కోచ్‌గారికి మాత్రం ఊపిరి అందలేదు. ఆయన అవస్థ చూసి డెబ్భై దాటిన ఒక పెద్దాయన వేగం తగ్గించుకుని పక్కన చేరాడు. ఆ పెద్దాయన అప్పటికే మూడుసార్లు గుండెపోటు వచ్చి బతికి బయటపడ్డవాడు. దారి పొడవునా ఆయన ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాడు. బోవర్‌మన్ నోట జవాబు పెగల్లేదు. ప్రపంచ రికార్డు కుర్రాళ్లను తయారుచేసిన మనిషికి, తన ఒంట్లో ఓ మైలు పరుగుకు సరిపడా సత్తువ కూడా లేదని ఆ ఆదివారం తెలిసింది.

ఈ కథ నాకు ఎందుకు నచ్చుతుందంటే, పరుగు మొదలుపెట్టలేకపోతున్నామని సిగ్గుపడే మనలాంటి వాళ్లకు దీన్ని మించిన ఊరట లేదు. పరుగు గురించి అన్నీ తెలిసిన మనిషికే అలా అయింది. తెలియడం వేరు, ఒళ్లు అలవాటు పడటం వేరు. ఆ రెండోదానికి ఆక్లాండ్‌లో ఒక పద్ధతి దొరికింది. తర్వాత అరవై ఏళ్లలో అది రకరకాల రూపాల్లో దేశాలు తిరిగింది. మన దగ్గరికి మాత్రం సగమే వచ్చింది. మారథాన్లు వచ్చాయి, మెడళ్లు వచ్చాయి, గంటకెన్ని అడుగులు వేశామో లెక్కగట్టే వాచీలు వచ్చాయి. వెనకబడ్డవాడి పక్కన నడిచే ఆ పెద్దాయన మాత్రం రాలేదు.

లిడియార్డ్ సంగతి కాస్త చెప్పుకోవాలి. 1917లో ఆక్లాండ్‌లో పుట్టాడు. బూట్ల ఫ్యాక్టరీలో పనిచేశాడు. రగ్బీ ఆడేవాడు కాబట్టి తనకు ఒంట్లో బాగానే ఉందన్న నమ్మకంతో ఉండేవాడు. ముప్ఫైకి దగ్గర పడుతుండగా, వయసులో పెద్దవాడైన ఒక స్నేహితుడు ఐదు మైళ్ల పరుగుకు తీసుకెళితే ప్రాణం కళ్లలోకి వచ్చింది. ఇరవై ఏడేళ్లకే ఇలా ఉంటే నలభై ఏడేళ్లకు ఎలా ఉంటానన్న భయం పట్టుకుంది. ఆ భయంతో తన ఒంటి మీదే ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఎంత దూరం, ఎంత వేగం, ఎంత విశ్రాంతి అన్నది ఏళ్ల తరబడి మార్చి మార్చి చూశాడు. అలా తేల్చుకున్న పద్ధతినే తన ఇంటి చుట్టుపక్కల కుర్రాళ్లకు నేర్పాడు. 1960 సెప్టెంబరు 2న రోమ్ ఒలింపిక్స్‌లో ఆ కుర్రాళ్లలో ఇద్దరు, పీటర్ స్నెల్ 800 మీటర్లలో, ముర్రే హాల్‌బర్గ్ 5000 మీటర్లలో, గంట తేడాలో రెండు బంగారు పతకాలు గెలిచారు. హాల్‌బర్గ్‌కు రగ్బీలో తగిలిన దెబ్బ వల్ల ఎడమ చెయ్యి చచ్చుబడి ఉండేది. మూడో కుర్రాడు బ్యారీ మగీ మారథాన్‌లో కంచు పతకం తెచ్చాడు.

వీళ్లు వారానికి నూరు మైళ్లు, అంటే 160 కిలోమీటర్లు పరిగెత్తేవాళ్లన్న సంగతే లోకం చెప్పుకుంది. అందులో ఎక్కువ భాగం మాట్లాడుకుంటూ పరిగెత్తగలిగే వేగంలోనే సాగేదన్నది మరుగున పడిపోయింది. సాధన చేయాలి గానీ ఒళ్లు హూనం చేసుకోకూడదు అన్నది లిడియార్డ్ పట్టు. ఛాంపియన్లకు పనికొచ్చింది మామూలు మనిషికి ఎందుకు పనికిరాదని అతను అడిగాడు. ఆక్లాండ్ వ్యాపారుల్లో గుండెజబ్బు వచ్చినవాళ్లను, రానున్నదని భయపడుతున్నవాళ్లను పోగుచేశాడు. గుండెపోటు వచ్చినవాడు మంచం దిగకూడదని డాక్టర్లు కట్టడి చేస్తున్న కాలమది. 1962లో ఆక్లాండ్ జాగర్స్ క్లబ్ పుట్టింది. దాన్ని నిలబెట్టడంలో అతనికి తోడున్న మాజీ ఆటగాడు కొలిన్ కే తర్వాత ఆ నగరానికి మేయరయ్యాడు. క్లబ్‌లో పోటీ లేదు. ఎవరి వేగం వాళ్లది. పరిగెత్తుతూ పక్కవాడితో మాట్లాడలేకపోతే వేగం ఎక్కువైనట్టే లెక్క. వాచీ కన్నా నోరే నమ్మకమైన కొలత.

బోవర్‌మన్ ఆరు వారాలు అక్కడే ఉండి, నడుం చుట్టూ కొంత తగ్గించుకుని 1963 మొదట్లో ఓరెగాన్‌లోని యూజీన్‌కు తిరిగొచ్చాడు. ఊళ్లోవాళ్లను యూనివర్సిటీ మైదానానికి రమ్మన్నాడు. మొదట పదుల్లో వచ్చారు. కొద్ది వారాల్లోనే గుంపు వందలు దాటి వేలకు పెరిగేసరికి ఆయనకు దడ పుట్టింది. ఎవరైనా గుండె ఆగి పడిపోతే ఏమిటి గతి? అందరినీ ఇంటికి పంపేసి, వాల్డో హారిస్ అనే గుండె డాక్టర్‌తో కూర్చుని, మధ్యవయసు వాళ్ల మీద పరీక్షించి, ఏ వారం ఎంత నడక, ఎంత పరుగు అన్న పట్టిక రాశాడు. 1967లో ఇద్దరూ కలిసి తెచ్చిన చిన్న పుస్తకం లక్షల కాపీలు అమ్ముడై అమెరికాను రోడ్డెక్కించింది. ఆలోపే, 1964లో, తన పాత శిష్యుడు ఫిల్ నైట్‌తో కలిసి ఆయన బూట్ల కంపెనీ ఒకటి పెట్టాడు. ఇవాళ దాన్ని నైకీ అంటున్నాం. పన్నెండు వేలు పోసి బూట్లు కొని, వాటిని అటక మీద పెట్టిన మిత్రులు ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. ఆ కంపెనీ పెట్టిన పెద్దమనిషి కూడా ముందు పరుగు నేర్చుకున్నాకే బూట్ల వ్యాపారంలోకి దిగాడు.

ఇప్పుడు మన సంగతి. తెలుగు పిల్లాడికి పరుగు మొదట పరిచయమయ్యేది బడిలో, అదీ శిక్షగా. ఆలస్యంగా వస్తే గ్రౌండ్ చుట్టూ మూడు రౌండ్లు. లైన్లో మాట్లాడితే రెండు రౌండ్లు. డ్రిల్లు మాస్టారు విజిల్ నోట్లో పెట్టుకుని చెట్టు నీడన నిలబడి ఉంటారు. స్పోర్ట్స్ డే రోజున అదే పరుగు పందెం అవుతుంది. మొదటి ముగ్గురికి స్టీలు గ్లాసులు, మిగతావాళ్లకు చప్పట్లు కొట్టే పని. ఆ తర్వాత పరుగు మళ్లీ కనిపించేది పోలీసు ఉద్యోగాల నోటిఫికేషన్ పడ్డప్పుడు. తెల్లారకముందే బైపాస్ రోడ్ల మీద, జూనియర్ కాలేజీ గ్రౌండ్లలో కుర్రాళ్లు, ఆడపిల్లలు ఈవెంట్స్ ప్రాక్టీసు అంటూ రొప్పుతూ కనిపిస్తారు. తెలంగాణలోనైతే మగవాళ్లకు 1600 మీటర్లు, ఆడవాళ్లకు 800, ఇన్ని నిమిషాల్లో. ఎంత కష్టపడతారో చూస్తే ముచ్చటేస్తుంది. ఉద్యోగం వచ్చినవాడు ఆ రోజుతో మానేస్తాడు. రానివాడు వచ్చే నోటిఫికేషన్ దాకా మానేస్తాడు. తప్పు వాళ్లది కాదు. పరుగంటే పరీక్ష అని నేర్పాక, పరీక్ష అయిపోతే చదవడం మాననివాళ్లెవరు?

అందుకే నలభై ఏళ్లొచ్చి, షుగర్ బార్డర్లో ఉందని డాక్టరు హెచ్చరించాక మనం ఒక సోమవారం పొద్దున గేటు బయట కాలుపెట్టి ఏం చేస్తాం? మనకు తెలిసిన ఒకే ఒక్క పరుగు పరిగెడతాం. మాస్టారు చూస్తున్నట్టు, పక్కనెవరో మనల్ని దాటిపోతున్నట్టు. వీధి చివరి మిల్క్ బూత్ దాకా వచ్చేసరికి డొక్కలో పొడుస్తుంది, గొంతు ఎండుతుంది, గుండె చెవుల్లో కొట్టుకుంటుంది. బూత్ దగ్గర ఎవరో తెలిసినాయన, 'ఏంటి సార్, ఏమైంది?' అంటాడు. మర్నాడు పిక్కలు పట్టేసి మెట్లు దిగలేం. పరుగు మన ఒంటికి పడదు, వాకింగే మేలు అని తీర్మానం చేసేస్తాం. వాకింగ్ మంచిదే, దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ ఆ తీర్మానానికి ఆధారం ఏమిటి? ఛాంపియన్ కూడా రోజూ చేయని పనిని మొదటి రోజే చేయబోయి, ఒంటి మీద నేరం మోపాం.

దీనికి విరుగుడును 1996లో బోస్టన్ కుర్రాడు జోష్ క్లార్క్ ఒక పట్టికగా రాశాడు. అతనికి అప్పుడు పాతికేళ్లు. పరుగంటే తనకూ ఇష్టం లేదు. మొదట్లో పడ్డ బాధ గడిచాక ఇందులో సుఖం ఉందని తెలిసింది గానీ, ఆ బాధ అవసరమా అనిపించింది. కొత్తవాళ్లకు, ముఖ్యంగా వాళ్లమ్మకు పనికొచ్చేలా తొమ్మిది వారాల ప్రణాళిక తయారుచేశాడు. సోఫాలో కూర్చున్న మనిషిని ఐదు కిలోమీటర్ల దాకా తీసుకెళ్లేది అది. తర్వాత బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ, అంటే ఎన్‌హెచ్‌ఎస్, దాన్ని స్వీకరించి ఫోన్ యాప్‌గా జనానికి ఉచితంగా ఇచ్చింది.

అందులో మొదటి రోజు ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. ముందు ఐదు నిమిషాలు చురుగ్గా నడక. తర్వాత అరవై సెకన్లు మెల్లటి పరుగు, తొంభై సెకన్లు నడక. ఇరవై నిమిషాల పాటు ఇలాగే మార్చి మార్చి. అంతే. చదవగానే ఇదేం పరుగు, వెక్కిరింతలా ఉందే అనిపిస్తుంది. చేస్తే తెలుస్తుంది. మొదటి నిమిషం హాయిగా అయిపోతుంది. రెండోది కూడా. నాలుగోసారికి అరవై సెకన్లు ఇంత పొడుగా అని గడియారం వైపు చూస్తాం. ఆరోసారికి నడక వంతు ఎప్పుడొస్తుందా అని ఎదురు చూస్తాం. అయినా పూర్తవుతుంది. ఇంటికొచ్చేసరికి ఒంట్లో ఇంకాస్త ఓపిక మిగిలే ఉంటుంది. ఆ మిగులే ఈ పద్ధతి గుట్టు. ఓపిక మిగిలినవాడే ఎల్లుండి మళ్లీ బయటికొస్తాడు. వారానికి మూడు రోజులే, మధ్యలో కనీసం ఒక రోజు విరామం. రోజూ చేస్తానని ఉబలాటపడేవాళ్లను ఆపడమూ ఈ పట్టిక పనే.

ఆ విరామం బద్ధకస్తుల కోసం పెట్టింది కాదు. పరుగు మొదలుపెట్టిన కొద్ది వారాలకే గుండె, ఊపిరితిత్తులు దారికొస్తాయి. ఎముకలు, కండరాలను ఎముకకు పట్టి ఉంచే స్నాయువులు అంత తొందరగా బలపడవు, వాటికి నెలలు కావాలి. అందుకే మూడో వారంలోనో నాలుగో వారంలోనో ఒక ప్రమాదకరమైన ఉత్సాహం వస్తుంది. ఊపిరి బాగానే ఆడుతోంది, ఇంకా పరిగెత్తొచ్చనిపిస్తుంది. పరిగెడతారు. మోకాలి కింద ముందువైపు ఎముక వెంబడి నొప్పి పట్టుకుంటుంది. బద్ధకం వల్ల మానేసినవాళ్ల కన్నా ఈ ఉత్సాహం వల్ల మానేసినవాళ్లే నాకు ఎక్కువమంది తెలుసు.

ఐదో వారంలో ఇంకో మలుపుంది. ఆ వారం మొదటి రెండు రోజులూ పరుగు, నడక కలిసే ఉంటాయి. మూడో రోజు పట్టిక ఉన్నట్టుండి ఇరవై నిమిషాలు ఆగకుండా పరిగెత్తమంటుంది. అచ్చుతప్పేమో అనుకునేంత పెద్ద దూకుడు. అప్పటిదాకా సాఫీగా సాగినవాళ్లు కూడా అక్కడ జంకుతారు. దాటడానికి ఉన్న ఉపాయం ఒక్కటే, ఇంకా నెమ్మదించడం. జపాన్‌లో ఫుకువోకా యూనివర్సిటీ ఆచార్యుడు హిరోఆకి తనకా ఏళ్ల తరబడి చెప్పిందీ ఇదే. మొహం మీద నవ్వు చెదరకుండా పరిగెత్తగలిగే వేగమే సరైన వేగమన్నాడాయన. అది నడిచేవాళ్లు మనల్ని దాటిపోయేంత నెమ్మది కావచ్చు. చిన్న చిన్న అడుగులు, మడమ దబ్బున పడకుండా. కాలనీలో రిటైరైన పెద్దాయన చేతులూపుకుంటూ మనల్ని దాటి వెళ్లిపోతుంటే సహించడం పరుగు కన్నా కష్టమైన సాధన, ఒప్పుకుంటాను.

అలవాటు పడటానికి 21 రోజులు చాలని మనవాళ్లు తెగ చెబుతుంటారు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని పన్నెండు వారాలు గమనించి 2010లో ప్రచురించిన లెక్క వేరుగా ఉంది. తలా ఒక కొత్త పని ఎంచుకుని, రోజూ ఒకే సందర్భంలో, అంటే పొద్దున టిఫిన్ అయ్యాక అనో, రాత్రి భోజనానికి ముందు అనో చేశారు. ఆలోచించకుండానే ఆ పని జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషికీ మనిషికీ తేడా, వాళ్లు కట్టిన అంచనా ప్రకారం, 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంది. గ్లాసుడు నీళ్లు తాగడం లాంటివి త్వరగా అలవాటైతే, వ్యాయామానికి ఎక్కువ కాలం పట్టింది. అన్నిటికన్నా పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. మధ్యలో ఒక రోజు తప్పిపోతే అలవాటుకు చెప్పుకోదగ్గ నష్టం జరగలేదు. మన దీక్షల సంప్రదాయంలో ఒక రోజు తప్పితే మొత్తం పోయినట్టే. పరుగుకు ఆ లెక్క తేకూడదు. బంధువుల పెళ్లికి వెళ్లి నాలుగు రోజులు పరిగెత్తనివాడు పరుగు మానేసినవాడు కాదు, పెళ్లికి వెళ్లినవాడు.

కాలక్షేపానికో ఒంటరి పట్టుదలకో వదిలేస్తే ఇదంతా మహా అయితే తొమ్మిది వారాలు నడుస్తుంది. పదో వారం సంగతేమిటి? బ్రిటన్ వాళ్లు దీనికి కనిపెట్టిన జవాబు మరీ ముచ్చటైనది.

2004 అక్టోబరు 2, శనివారం. లండన్ నగరానికి నైరుతి కొసన, జింకలు తిరిగే బుషీ పార్కులో పాల్ సింటన్-హ్యూయిట్ అనే ఆయన 13 మందిని ఐదు కిలోమీటర్లు పరిగెత్తించాడు. ఆయన కాలికి దెబ్బ తగిలి పరిగెత్తలేని స్థితిలో ఉన్నాడు, ఉద్యోగం కూడా పోయింది. స్నేహితులను వారానికోసారైనా కలిసే వంక ఒకటి కావాలనుకున్నాడు. టైము రాసి, తర్వాత అందరితో కలిసి కాఫీ తాగాడు. ఎన్నో స్థానంలో వచ్చారో గుర్తుగా ఇవ్వడానికి హార్డ్‌వేర్ షాపులో దొరికే ఇనుప వాషర్లు వాడారు. అదే పార్క్‌రన్. ఇవాళ ఇరవైకి పైగా దేశాల్లో, రెండు వేలకు మించిన చోట్ల ప్రతి శనివారం జరుగుతోంది. ప్రవేశ రుసుము లేదు. ఒక్కసారి పేరు నమోదు చేసుకుని బార్‌కోడ్ తీసుకుంటే జీవితాంతం చెల్లుతుంది. ఇంగ్లండ్‌లో అయితే పొద్దున తొమ్మిదికి, పార్క్‌రన్ జరిగే ఏ పార్కుకైనా వెళ్లి నిలబడొచ్చు. కొత్తవాళ్లను పక్కకు పిలిచి దారి వివరిస్తారు. ముగింపు గీత దాటాక చేతికి ఒక టోకెన్ ఇస్తారు. దాన్నీ మన బార్‌కోడ్‌నీ ఒక వాలంటీరు స్కాన్ చేస్తాడు. ఇంటికెళ్లేసరికి ఫలితం వచ్చి ఉంటుంది. ఈ పనులన్నీ చేసేది పోయిన వారం పరిగెత్తినవాళ్లు, వచ్చే వారం పరిగెత్తబోయేవాళ్లే.

వీటన్నిటిలోకీ నాకు నచ్చింది ఒక ఉద్యోగం. ప్రతి పార్క్‌రన్‌లో ఒక వాలంటీరుకు అందరికన్నా వెనక నడవడమే పని. ఎవరెంత నెమ్మదిగా వచ్చినా వాళ్ల వెనక ఇంకొకరుంటారు కాబట్టి ఆఖరున వచ్చామన్న మాట ఎవరికీ పడదు. బడి స్పోర్ట్స్ డేలో చివరన మిగిలి, అందరూ చూస్తుండగా ఒంటరిగా గీత దాటిన పిల్లలు ఆ ఒక్క ఏర్పాటుతో ఎంతమంది నిలబడేవాళ్లో!

టీ-షర్టులు కూడా గెలిచినవాళ్లకివ్వరు. 25 సార్లు, 50 సార్లు, 100 సార్లు వచ్చినవాళ్లకు వాటిని వేసుకునే అర్హత వస్తుంది. వాలంటీర్లుగా నిలబడ్డ రోజులకూ అలాంటి లెక్కే ఉంది. లెక్కించేది హాజరును. ఫలితం ఏమైందంటే, ఏళ్లు గడిచేకొద్దీ పార్క్‌రన్ సగటు సమయం పెరుగుతూ పోయింది. మొదటి ఏళ్లలో 22 నిమిషాల దగ్గరున్నది తర్వాత అరగంట దాటింది. ఇంకే క్రీడాసంస్థ అయినా ఇది చూసి కంగారు పడుతుంది. వీళ్లు పండగ చేసుకున్నారు. నెమ్మదైనవాళ్లు, పెద్దవాళ్లు, రోగులు ఎక్కువమంది వస్తున్నారనడానికి అదే కదా సాక్ష్యం. 2018లో బ్రిటన్ ఫ్యామిలీ డాక్టర్ల సంఘం వీళ్లతో చేతులు కలిపి, క్లినిక్‌లను దగ్గర్లోని పార్క్‌రన్‌తో జతకట్టింది. మాత్రలతో పాటు శనివారం పరుగు కూడా సూచించేందుకు డాక్టర్లకు దారి దొరికింది. 2024 ఫిబ్రవరిలో వేగం రికార్డుల జాబితాలను తమ వెబ్‌సైటు నుంచి తీసేశారు. దాని మీద పెద్ద రభస జరిగింది. వేగంగా పరిగెత్తేవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది, వాళ్ల కష్టమూ కష్టమే. కానీ గేటు దగ్గర నిలబడి లోపలికి రావాలా వద్దా అని తటపటాయిస్తున్నవాడి కళ్లతో చూస్తే, ఆ జాబితా లేకపోవడమే మేలు.

ఇవన్నీ ఉన్నవి ఉన్నట్టు ఇక్కడికి తెచ్చుకోవాలనడం అమాయకత్వం. పొద్దున తొమ్మిదింటికి మే నెల విజయవాడలో పరుగంటే ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. మనకు ఐదున్నర, ఆరు దాటితే లాభం లేదు. కోస్తాలో ఎండ లేకపోయినా ఉక్కపోత ఉంటుంది. చెమట పడుతుంది గానీ ఆరదు, ఒళ్లు చల్లబడదు. అందుకే హైదరాబాద్‌లో డిసెంబరు పొద్దున తేలిగ్గా పరిగెత్తిన వేగంతో విశాఖ బీచ్ రోడ్డులో పరిగెత్తబోతే ఆయాసం వస్తుంది. ఇలాంటి చోట వాచీ చూపే అంకెను నమ్మితే మోసపోతాం. ఆక్లాండ్ వాళ్ల కొలతే గతి. పక్కవాడికి ఒక పూర్తి వాక్యం చెప్పగలిగితే వేగం సరిపోయినట్టు. రెండు మాటలకే ఊపిరి తెగితే ఎక్కువైనట్టు. ఒంటరిగా ఉంటే ఫోన్ నంబరు పైకి చదువుకున్నా సరే.

ఫుట్‌పాత్ దొరకదు. దొరికినా దాని మీద బండ్లుంటాయి, ట్రాన్స్‌ఫార్మర్లుంటాయి. కుక్కల బెడద వేరే. పరిగెత్తేవాణ్ని చూస్తే అవి వెంటపడతాయి. అప్పుడు ఇంకా వేగంగా పరిగెత్తకుండా ఆగి, వాటి వైపు తిరిగి, కళ్లలోకి చూడకుండా మెల్లగా నడుచుకుంటూ పోవడమే మంచిది. ఆడవాళ్లకు ఇంకో అడ్డంకి. చుడీదార్ మీద బూట్లు వేసుకుని నడిస్తే ఎవరూ ఏమీ అనరు. అదే మనిషి పరుగందుకుంటే అందరూ తల తిప్పి చూస్తారు. చీకటి విడవకముందు ఒంటరిగా బయటికి రావడం గురించి చెప్పక్కర్లేదు. కుక్కలు, చూపులు, చీకటి, ఈ మూడు ఇబ్బందులకూ ఒక్కరి పట్టుదల సరిపోదు. నలుగురు కలిస్తే మూడూ సగానికి సగం తగ్గుతాయి. కుక్కలు గుంపు జోలికి అంతగా రావు. నలుగురు ఆడవాళ్లు కలిసి పరిగెడితే చూసేవాళ్లు రెండు వారాల్లో విసిగి మానేస్తారు.

హైదరాబాద్‌లో 2007 నుంచీ పరుగు క్లబ్బులు ఉన్నాయి. ఏటా ఆగస్టులో ఫ్లైఓవర్ల మీదుగా సాగే మారథాన్‌కు వేల మంది వస్తారు. చిక్కల్లా ఒక్కటే. ఆఫీసులో పదిమంది కలిసి 10కే పరుగుకు పేర్లిస్తారు, రెండు నెలలు ప్రాణాలు తోడేసుకుని మెడల్ తెచ్చుకుంటారు, ఫొటో పెడతారు, సోమవారం నుంచి ఎవరూ కనిపించరు. పోలీసు ఈవెంట్స్‌కూ దీనికీ తేడా టీ-షర్టు నాణ్యతలోనే. ఏటా ఒకసారి వచ్చే పెద్ద పండగ అలవాటును పెంచదు. ప్రతి శనివారం వచ్చే చిన్న సంత పెంచుతుంది.

మనవాళ్లకు ఈ కిటుకు తెలియదని కూడా అనలేం. అలిపిరి నుంచి తిరుమల కొండకు 3550 మెట్లు. ఏడాది పొడవునా కుర్చీలోంచి లేవని గుమస్తాలు, మోకాళ్ల నొప్పులున్న అత్తగార్లు, చంకలో పిల్లాడున్న తల్లులు ఎక్కేస్తారు. ఎలా ఎక్కుతారు? నెమ్మదిగా. ఆయాసం రాగానే మెట్టు మీద కూర్చుంటారు, మజ్జిగ తాగుతారు, గోవిందా అంటూ మళ్లీ లేస్తారు. వెనకబడ్డవాళ్ల కోసం గాలిగోపురం దగ్గర మిగతావాళ్లు ఆగుతారు. లిడియార్డ్ చెప్పినవన్నీ అక్కడున్నాయి. రెండు గంటల్లో ఎక్కేశానని డప్పు కొట్టుకునే బావమరిది ప్రతి ఇంట్లో ఒకడుంటాడనుకోండి, వాణ్ని పక్కన పెడదాం. లోపమల్లా ఒక్కటే, కొండ ఏడాదికోసారి.

కాబట్టి అపార్ట్‌మెంట్‌లోనో కాలనీలోనో నలుగురు చాలు. వాట్సాప్ గ్రూపు పెట్టినా అందులో కిలోమీటర్లు, నిమిషాలు పెట్టొద్దని ముందే అనుకోవాలి. వచ్చినవాళ్ల పేర్లు రాస్తే చాలు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, నడిస్తేనే ఛాతీలో పట్టేసినట్టుండేవాళ్లు మొదలుపెట్టకముందు డాక్టరుకు చూపించుకోవాలి. బోవర్‌మన్ లాంటి మొండివాడే గుండె డాక్టరు లేకుండా ముందుకు పోలేదు. బూట్లు కొత్తవి కానక్కర్లేదు, అరిగిపోనివైతే చాలు. పొద్దున కాఫీ తర్వాతా, ముందా అన్నది ఒక్కసారి తేల్చుకుని దానికే కట్టుబడాలి. పాల ప్యాకెట్ తేవడం ఎవరి వంతైతే వాళ్లకు అదే గుర్తు, ప్యాకెట్ ఫ్రిజ్‌లో పెట్టగానే బూట్లు.

మొదలుపెట్టే ముహూర్తం విషయంలో మాత్రం ఇంగ్లీషు సంవత్సరాది మీద నాకు గురి లేదు. దీపావళి వెళ్లిన వారంలో, చలి పొద్దులు మొదలవుతుండగా తొలి రోజు పెట్టుకుంటే తొమ్మిది వారాలకు ఇంచుమించు సంక్రాంతి వస్తుంది. చివరి వారం ఊళ్లో, అరిసెల మధ్య గడిచిపోవడం ఖాయం. గడవనివ్వండి. తిరిగొచ్చాక తొమ్మిదో వారం కాకుండా ఎనిమిదో వారం పట్టికే ఇంకోసారి చేసుకుంటే సరిపోతుంది.